నల్లదారం కట్టిన స్టెతస్కోపు

పది రోజులుగా దగ్గు తగ్గకపోతే మొన్న ఛత్రినాకలో మా వీధి చివరి బస్తీ దవాఖానకు పోయాను. అక్కడి నర్సమ్మకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. నన్ను గుండీలు విప్పమని చెప్పి, బల్ల మీది స్టెతస్కోపు అందుకుని, దాని బిళ్ళను తిన్నగా తెచ్చి నా ఛాతీ మీద ఆనించింది. మంచుగడ్డ తగిలినట్టు ఒళ్ళు ఝల్లుమంది.

"గట్టిగ శ్వాస తీస్కో తాతా."

"తీసుకుంట గానీ బిడ్డా, ముందు ఆ బిళ్ళను అరచేతిల పెట్టుకొని జర వెచ్చ చెయ్యరాదా? నేనేమన్న ఐసు డబ్బల పెట్టిన చేపనా? ఇంకోటి, చెవులల్ల ఉల్టా పెట్టుకున్నవ్. ఆ కొసలు ముక్కు దిక్కు చూడాలె."

ఆ పిల్ల తీసి, తిప్పి పెట్టుకుని, ఆశ్చర్యంగా నా వైపు చూసింది. "ఇది నీది కాదు గద?" అని అడిగాను. కాదట. తనది పొద్దున్నే డాక్టరు సారు తీసుకుపోయాడట. ఇది బీరువాలో పడి ఉన్నదట.

"ఆయన తీసుకపోతుంటె నువ్వేం చేసినవ్?"

"ఏం చేస్త తాతా, ఇచ్చిన."

ఏం చేస్తా, ఇచ్చిన. నలభై ఏళ్ళు దాటినా ఆ మాట మారలేదు. డాక్టరు కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే లోకం తలకిందులవుతుంది. నర్సు మెడలోది మాత్రం ఊరందరి సొత్తు. దగ్గుకని పోయినవాణ్ణి రక్తపోటు పెంచుకుని ఇంటికి వచ్చాను. కానీ దారి పొడుగునా ఛాతీ మీద ఆ చల్లటి బిళ్ళ తగిలిన చోటనే, అంతే గుండ్రంగా, వెచ్చగా ఇంకో బిళ్ళ తగులుతున్నట్టు అనిపించింది. అది రజియా ఆపా అరచేతిలో వెచ్చబడిన బిళ్ళ. ఆమెను మీరు చూడలేదు. ఆమె ఫోటో ఏ ఆసుపత్రి గోడ మీదా లేదు. అందుకని నేనే రాస్తున్నాను.

మాది పాలు పోసుకుని బతికే కుటుంబం. మా నాయనకు తొమ్మిది బర్రెలు. మూడో తరగతి దాకా బడికి పోయాను, ఆ తర్వాత బర్రెల వెంట పోయాను. చదవడం నేర్పింది పొట్లాలు. కిరాణా కొట్టులో చక్కెరో పప్పో కట్టిచ్చిన కాగితాన్ని విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాణ్ణి. సరిగ్గా కథ మంచి పట్టులో ఉన్నప్పుడు కాగితం చిరిగిపోయేది. ఆ కోపంతోనే ఇంకో పొట్లం విప్పేవాణ్ణి. నాకున్న చదువంతా అట్లా కోపంతో చదివిందే. ఇరవయ్యో ఏట నగరంలోని ఒక పెద్ద సర్కారు దవాఖానలో వార్డు అటెండరుగా చేరాను. అక్కడ ఇంగ్లీషు నేర్పింది మందుల పెట్టెల్లో మడిచి పెట్టే చీటీలు. దేన్ని ఎట్లా పలకాలో చెప్పేవాడు లేక సగం మాటలు తప్పుగా పలికేవాణ్ణి. పలుకు తప్పయినా అర్థం తప్పలేదు.

ఆ దవాఖానలో అటెండరుకు పేరుండేది కాదు. "ఓయ్" అంటే మేమే. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ మా సంచులు విప్పించేవాడు. తిండి డబ్బా మూత తీసి, మెతుకులు అంటుకున్న అడుగును అందరి ముందూ చూసేవాడు. మా పక్కనుంచే తోలుసంచులు పట్టుకున్నవాళ్ళు నమస్తే పెట్టించుకుంటూ పోయేవాళ్ళు. వాటిని ఏనాడూ ఎవరూ విప్పమనలేదు. 

రజియా ఆపా మగవాళ్ళ వార్డుకు ఇన్‌చార్జి సిస్టరు. దబీర్‌పురా స్టేషను వెనక గల్లీలో ఇల్లు. సన్నగా, పొట్టిగా ఉండేది. పొద్దున ఏడింటికి ముందే వచ్చి, నల్ల బురఖా తీసి నర్సుల గది తలుపు వెనక మేకుకు తగిలిస్తే, లోపల తెల్లటి యూనిఫారం మడత నలగకుండా ఉండేది. డాక్టర్ల నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆమె ఆపానే, అంటే అక్కే. ఒకసారి పెద్ద డాక్టరొకాయన నన్ను "ఓయ్" అని కేకేశాడు. నేను కదిలేలోపే ఆపా అడిగింది.

"ఎవర్ని పిలుస్తున్నరు డాక్టర్ సాబ్?"

"అతన్నే, ఆ అటెండర్ని."

"ఓహో. నా డ్యూటీ రిజిస్టర్‌ల ఓయ్ అనే పేరు లేదు, అందుకని పరేషాన్ అయిన. ఆయన పేరు మల్లేశం."

అంతే. గొంతు కూడా పెంచలేదు. ఆ డాక్టరు మళ్ళీ ఎప్పుడూ ఆ వార్డులో ఓయ్ అనలేదు. మా అమ్మానాయనలు కాక నా పేరును పూర్తిగా పలికిన మొదటి మనిషి ఆమే.

ఒకనాడు కడుపు ఆపరేషనైన ఒక ఆటో డ్రైవరుకు పక్కబట్టలు మారుస్తున్నాను. ఇక తిండి పెట్టవచ్చని హౌస్ సర్జను రాసిపోయాడు. వాళ్ళావిడ జావ గిన్నె పట్టుకుని కూర్చుంది. అతని కడుపు చూస్తే డప్పులా బిగిసి ఉంది. మా ఇంట్లో బర్రెకు కడుపు ఉబ్బితే మా అమ్మ దాని ఎడమ డొక్కకు చెవి ఆనించేది. బాగున్న బర్రె కడుపు దూరాన ఉరిమినట్టు మోగుతూ ఉంటుంది. ఆ చప్పుడు లేకపోతే గడ్డి పెట్టనిచ్చేది కాదు. నేనూ ఏమీ ఆలోచించకుండా వంగి అతని కడుపు మీద చెవి పెట్టాను. వాళ్ళావిడ లొల్లి మొదలుపెట్టింది. ఆపా వచ్చింది.

"ఏం చేస్తున్నవ్ మల్లేశం?"

"కడుపుల సప్పుడు లేదాపా. గీ జావ తాగిపిస్తె కక్కుతడు."

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. మా బర్రెకు గిట్లయితె మా అమ్మ గడ్డి బంద్ చేస్తది."

ఎవరైనా నవ్వేవాళ్ళే. ఆమె నవ్వలేదు. జేబులోంచి స్టెతస్కోపు తీసి, బిళ్ళను అరచేతిలో మూసి పట్టుకుని కొంతసేపు ఆగి, అతని కడుపు మీద నాలుగు చోట్ల, గడియారం చూసుకుంటూ చాలాసేపు విన్నది. లేచి జావ గిన్నె తనే తీసి పక్కన పెట్టింది. డాక్టరుకు కబురు పంపింది. తర్వాత ఆ స్టెతస్కోపును నా చెవుల్లో పెట్టి, ముందు అతని కడుపు వినిపించింది. ఏమీ లేదు. మూసిన గదిలో ఉన్నట్టు ఉంది. ఆ తర్వాత బిళ్ళను నా కడుపు మీదనే పెట్టింది. గుడగుడమని, బండి చక్రం రాళ్ళ మీద దొర్లినట్టు. నేను ఉలిక్కిపడ్డాను.

"గిది నడుస్తున్న కడుపు. గది ఆగిన కడుపు. చదువుతవా?"

"బర్లు కాసినోణ్ణి ఆపా."

"బర్లు కాసినోనికి చెవులున్నయి. చదువుకున్నోళ్ళందరికి ఉన్నయో లేవో నాకు డౌటే."

మధ్యాహ్నం టీ తాగే వేళ నర్సుల గదిలో బల్లకు ఒకవైపు ఆమె చార్టులు రాసుకునేది. ఇంకోవైపు నేను లెక్కలు చేసేవాణ్ణి. ప్రైవేటుగా పదో తరగతి కట్టి, లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి, ఆ పై చదువూ అట్లాగే పూర్తిచేశాను. చివరికి మూడేళ్ళ నర్సింగు కోర్సులో సీటు వచ్చింది. క్లాసునిండా ఆడపిల్లలు, నేనొక్కణ్ణే మగవాణ్ణి, అందరికన్నా పదేళ్ళు పెద్ద. మా బస్తీలో నవ్వని నోరు లేదు. మా మేనమామ వాకిట్లో నిలబడి, "మొగోనివి, సూదులేసే పనేందిరా? గాజులు గూడ ఏసుకో" అన్నాడు.

"మొన్న బర్రె ఈనేటప్పుడు చెయ్యి పెట్టి దూడను గుంజింది నువ్వే గద మామా. అప్పుడు గాజులేసుకున్నవా?" అన్నాను. ఆయన ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. అదీ మంచికే అయింది.

స్టెతస్కోపు కొనడానికి ఆపా నాతో వచ్చింది. దవాఖాన ఎదుటి సందులో ఒక సర్జికల్ దుకాణం. అద్దాల బీరువాలో నల్లగా నిగనిగలాడే గొట్టం, అద్దంలా మెరిసే బిళ్ళ ఉన్న ఒక దాని మీద నా చూపు పడింది. మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాను కూడా.

"షాదీకి పోతున్నవా? పెండ్లికొడుకు హారం లెక్క ఏసుకున్నవ్" అంది ఆపా. దుకాణదారు చేత ఇంకో రెండు తీయించి, మూడూ పట్టుకుని రోడ్డు పక్కకు వచ్చి నిలబడింది. సేఠ్ కంగారుగా వెంట వచ్చాడు.

"లోపలనే చూస్కోండి సిస్టర్, బయట మస్తు సప్పుడుంటది."

"అందుకే బయటకొచ్చిన సేఠ్. నీ దుకాణంల ఉన్నంత సుకూన్ మా వార్డుల ఉండదు. జర నిలబడు, గుండీ తియ్."

పాపం ఆయన ఫుట్‌పాత్ మీద చొక్కా విప్పి నిలబడ్డాడు. బస్సుల హారన్లు, జామపళ్ళవాడి కేకలు, ఆటోల గోల. నేను ఒక్కొక్కటే చెవుల్లో పెట్టుకుని ఆయన గుండె వింటున్నాను. జనం పోగయ్యారు. "సేఠ్‌కు ఏమైంది?" అని ఒకడు. "గుండెపోటట" అని ఇంకొకడు. సాయంత్రానికి ఆయన బావమరిది పళ్ళు పట్టుకుని పరామర్శకు వచ్చాడని తర్వాత తెలిసింది.

మెరిసేదానిలో హారన్లే వినిపించాయి. రెండోది కొంత నయం. మూడోది బూడిదరంగు గొట్టం, బిళ్ళ మీద మెరుపు లేదు, చూపు నిలవదు. అది పెట్టుకోగానే బస్సులు ఎక్కడికో దూరం జరిగాయి.

"వరక్ కొట్టెటోళ్ళ దుకాణం ముంగల ఎప్పుడన్న నిలబడ్డవా?" అంది ఆపా. వెండిని తోలు మడతల్లో పెట్టి సుత్తితో కొట్టి కొట్టి రేకు చేసే పనివాళ్ళు మా పాతబస్తీలో చాలామంది ఉండేవాళ్ళు. "ఒక బరువు దెబ్బ, ఒక తేలిక దెబ్బ. మళ్ళ ఒక బరువు, ఒక తేలిక. గట్ల వినబడుతున్నదా?"

"వినబడుతుందాపా. రెండో దెబ్బ గూడ సాఫ్‌గ."

"గిదే తీస్కో. మెరిసేది పది మెడలు తిరుగుతది. దీని మీద ఎవ్వని కన్ను పడదు."

అయినా గుర్తు ఉండాలంది. తోటి పిల్లలు వాళ్ళవాటి మీద గోళ్ళ రంగుతో పేర్లు రాసుకున్నారు. నేను ఇంటికి పోయి, మా అమ్మ బర్రెల మెడకు దిష్టి తగలకుండా కట్టే నల్ల ఉన్నిదారం ముక్క తెచ్చి గొట్టానికి కట్టాను. క్లాసంతా ఒకటే నవ్వు. "మల్లేశన్నా, పాలిస్తదా అది?" అని అడిగారు. ఆపా నవ్వకుండా ముడి విప్పి, పైన రెండు పాయలు కలిసేచోటకు జరిపి కట్టింది. కింద ఉంటే దారం రాసుకునే చప్పుడు గుండె చప్పుడులో కలుస్తుందట. ఎవరి దారమైనా సరే, ఎక్కడ కట్టాలో మాత్రం ఆమె చెప్పాల్సిందే.

అప్పుడు రెండు కట్టుబాట్లు పెట్టింది. మొదటిది: "డాక్టర్లు అడుగుతరు. ఇయ్యనని చెప్పే ధైర్యం నీకు లేదు, నాకూ లేదు. ఇయ్యి. కానీ అది పోయిన కాడికి నువ్వు పో. దాని ఎంటనే పో. మంచం కాడ నిలబడు, తిరిగి తెచ్చుకో." రెండోది: "నువ్వు విన్నది వాళ్ళ గుండె. నీది కాదు. విన్నంక మంచి మాటల్ల వాళ్ళకు చెప్పు. మూట కట్టుకొని పోకు."

మొదటి దాన్ని వస్తువు పోకుండా చూసుకునే జాగ్రత్త అనే అనుకున్నాను. నెల తిరిగేసరికి సంగతి తెలిసింది. మామూలుగా డాక్టర్లు రోగిని చూసేటప్పుడు నర్సింగు విద్యార్థిని ఎవరూ దగ్గరికి రానివ్వరు. కానీ నా స్టెతస్కోపు వాళ్ళ మెడలో ఉంది, కనుక నేను అక్కడ ఉన్నాను. ఒకాయన విసుక్కున్నాడు.

"ఏం బ్రదర్, తోకలాగ వెంట పడ్డవ్?"

"స్టెత్తు నాది సార్. అది పోయిన కాడికి నేను పోవాలె. మా ఆపా ఆర్డరు."

ఆయన నవ్వేసి, "అయితే విను" అని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషి వీపు మీద బిళ్ళ పెట్టి నా చెవులకిచ్చాడు. ఆ చప్పుడు ఎట్లా ఉందో రాత్రి పుస్తకంలో రాసుకోవడానికి నాకు మాట దొరకలేదు. మర్నాడు ఆపా ఇచ్చింది: "పెనం మీద జీలకర్ర చిటపటలాడినట్టు." ఉబ్బసం కూత దబీర్‌పురా స్టేషనుకు దూరంగా ఆగిన రైలు కూత. ఏ పుస్తకంలోనూ లేని ఆ పోలికలే నాకు పనికొచ్చాయి. మూడేళ్ళలో ఎందరు డాక్టర్ల వెనక నిలబడ్డానో. క్లాసులో నేర్చుకున్నదానికన్నా నా స్టెతస్కోపు వెంట తిరిగి నేర్చుకున్నదే ఎక్కువ. అది ఆపాకు మొదటి రోజే తెలుసు. చెప్పి ఉంటే నేను బెట్టు చేసేవాణ్ణి. అందుకే వస్తువు పోతుందన్న భయం చెప్పి పంపింది.

ఇక చెప్పడానికి సిగ్గుగా ఉన్న సంగతికి వస్తాను.

ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష రేపనగా, సాయంత్రం నాలుగింటికి కొత్తగా వచ్చిన ఒక పొడుగాటి హౌస్ సర్జను నా మెడలోంచి స్టెతస్కోపు లాక్కున్నాడు. అడగలేదు. నేను వెంట నడిచాను. ఆయన వెనక్కి తిరిగి, అందరూ వినేట్టు, "ఎన్ని చదివినా అటెండర్ బుద్ధి పోదు కదా. నేనేమన్నా దొంగనా? పో అవతలికి" అన్నాడు. నాకు నషాళానికి అంటింది. పోతే పోనీ, తెచ్చి ఇచ్చేదాకా అడగను అనుకుని గిర్రున తిరిగి బయటికి వచ్చేశాను. ఆయన తెచ్చి ఇవ్వలేదు. అడిగిద్దామంటే అప్పటికే డ్యూటీ దిగి పోయాడు.

పరీక్షకు ఎవరి పరికరం వాళ్ళే తెచ్చుకోవాలి. లేనివాళ్ళను లోపలికి రానివ్వరు. మిగతావాళ్ళకైతే ఆరు నెలలకు ఇంకో పరీక్ష. నాకు అటెండరు కొలువు నుంచి ఇచ్చిన సెలవు ఆ నెలతో ఆఖరు. పరీక్ష తప్పితే మళ్ళీ ఓయ్, మళ్ళీ గేటు దగ్గర సంచి.

తెల్లవారి ఆరున్నరకే వార్డుకు పోయి నర్సుల గది, ట్రాలీలు, బీరువాలు అన్నీ వెతికాను. లేదు. తొమ్మిదింటికి పరీక్ష. అప్పుడే డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఆయా యాదమ్మ కనిపించింది. చేతిలో గుడ్డసంచి. నా నోటినుంచి మాట వచ్చేసింది.

"యాదమ్మా, సంచి చూపియ్."

ఆమె నా ముఖం వైపు ఒక్కసారి చూసి, సంచి బల్ల మీద పెట్టింది. ఒక తిండి డబ్బా, సగం విరిగిన దువ్వెన, మడిచిన పాత చీర, ఆకువక్క పొట్లం. నేను చీర మడత విప్పాను. డబ్బా మూత కూడా తీశాను. స్టెతస్కోపు ఆ డబ్బాలో పట్టదని తెలిసే తీశాను.

తలెత్తితే గుమ్మంలో ఆపా ఉంది. ఇంకా బురఖా కూడా తీయలేదు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి తన చేతిసంచిని బోర్లించింది. తాళాల గుత్తి, తస్బీ దండ, రొట్టె మూట, కళ్ళజోడు డబ్బా, నాలుగు పిన్నులు, ఒక రుమాలు బల్ల మీద పడ్డాయి.

"నాది గూడ చూడు."

"ఆపా, మీదెందుకు..."

"ఎందుకు చూడవ్? వార్డు తాళాలు నా కాడుంటయి. యాదమ్మ కాడ ఉండవ్. దొంగతనం చెయ్యాల్నంటె నాకే ఆసాన్. చూడు మల్లేశం. డబ్బ మూత తీస్తివి గద, ఈ రొట్టె మూట గూడ ఇప్పు."

 వార్డులో మంచాల మీదివాళ్ళంతా లేచి కూర్చుని చూస్తున్నారు. ఆపా గొంతు తగ్గించి అడిగింది. "ఎవరు తీస్కపోయిన్రు?" చెప్పాను. "ఎంట పోయినవా?" పోలేదన్నాను. ఎందుకు పోలేదో చెప్పబోయాను.

"ఆయన నిన్ను ఒక మాట అన్నడు, నువ్వు గుస్సా అయినవ్. ఆ గుస్సా ఆయన మీద చూపెట్టనీకి దమ్ము లేక, యాదమ్మ డబ్బ మూత తీసినవ్. నీ గేటు వాచ్‌మన్ గూడ గదే చేస్తుండె. ముందు ఆమెకు చెప్పు. తర్వాత దాన్ని వెతుకు. తర్వాత పరీక్ష. టైమైపోతె అయిపోని."

యాదమ్మ తల వంచుకుని చీర మడత పెడుతోంది. "తప్పయింది యాదమ్మా" అన్నాను. ఆమె మడత పూర్తిచేసి, సంచిలో సర్ది, అప్పుడు మాట్లాడింది.

"గేటు కాడ నీ సంచి ఇప్పిన్రని నా ముంగల ఏడ్చినవ్ గద మల్లేశా. గప్పుడు నా కొంగుతోనే కండ్లు తుడిచిన. యాది లేదా?"

యాది ఉంది. ఇప్పటికీ ఉంది.

"పో బిడ్డా. మంచిగ రాయి పో" అని ఆమె వెళ్ళిపోయింది. నన్ను ఎవరైనా కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

అప్పుడు ఆపా చెప్పినట్టు, నిన్న సాయంత్రం ఎక్కడ వెంట పోవడం మానుకున్నానో అక్కడినుంచి బయలుదేరాను. పొడుగు డాక్టరు చూసిన రోగుల పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి. మొదటి మంచం, లేదు. రెండోది, లేదు. మూడో రోగిని పై అంతస్తుకు మార్చారు. మెట్లెక్కి, వార్డు వార్డూ తిరిగి, ఆయన మంచం దొరికించుకునేసరికి ఎనిమిదిన్నర దాటింది. పాతబస్తీ అవతలి బార్కస్ నుంచి వచ్చిన పెద్దాయన, గుండె బలహీనపడి నెలరోజులుగా ఉన్నాడు. నేను చాచా అని పిలిచేవాణ్ణి. నన్ను చూడగానే తలగడ కింద చెయ్యి పెట్టి నల్లదారం పట్టుకుని బయటికి లాగాడు.

"ఆగయే? దో జనే మాంగే, నై దియా మై. బోలా, ఇస్కే పీఛే ఆనే వాలా ఆతా, ఉస్కో దేతుం."

డాక్టరు దాన్ని మంచం కమ్మికి తగిలించి మరిచిపోయాడు. ఇద్దరు అడిగినా చాచా ఇవ్వలేదు. దీని వెనక వచ్చేవాడు ఒకడున్నాడు, వాడికే ఇస్తానన్నాడు. పేరు తెలియని మనిషికి నేను గుర్తున్నది అట్లా.

గోడ గడియారంలో తొమ్మిదికి పది నిమిషాలు. పరిగెత్తబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "కల్ వో లంబా డాక్టర్ సునా, కుచ్ నై బోలా. తుమ్ సునో. క్యా బోల్రా దిల్?" నిన్న ఆయన విన్నాడు గానీ ఏమీ చెప్పలేదు, నువ్వు విని చెప్పు, నా గుండె ఏమంటోంది అని. రాత్రంతా ఆ మాట కోసమే ఎదురుచూసినట్టుంది ఆ ముఖం.

నేను గడియారం వైపు చూడడం మానేశాను. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని వెచ్చబడేదాకా ఆగి, విన్నాను. మొత్తం ఒక నిమిషం.

"వరక్ కొడుతున్నది చాచా. చెయ్యి జర అలిసింది, గానీ కొడుతున్నది."

ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

పరీక్ష హాలుకు పావుగంట ఆలస్యంగా పోయాను. బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు తలుపు దగ్గరే ఆపి ఎందుకని అడిగింది. అబద్ధం ఆడే ఓపిక లేదు, అంతా చెప్పాను, యాదమ్మ సంచి సంగతి కూడా. ఆమె చాలాసేపు నల్లదారాన్ని చూసి, అందరి తర్వాత రమ్మని బయట కూర్చోబెట్టింది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చివర పిలిచి, మిగతావాళ్ళను అడిగినదానికి రెట్టింపు అడిగింది. పాసయ్యాను. ఆపాతో చెప్పడానికి పోతే, "యాదమ్మకు చెప్పినవా?" అంది. లేదన్నాను. "నాకు తర్వాత" అని చార్టు రాసుకోసాగింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు అవే వార్డుల్లో బ్రదర్‌గా, అంటే మగ నర్సుగా, పనిచేశాను. నా చేతికింది ఆయాల సంచిని ఎవర్నీ ముట్టనివ్వలేదు. ముట్టబోయినవాళ్ళ ముందు నా సంచి బోర్లించేవాణ్ణి. దాంతో నాకు తిక్క మనిషి అని పేరు వచ్చింది. మంచి పేరే.

ఆపా పదవీ విరమణ తర్వాత దబీర్‌పురా ఇంట్లో కూతురి దగ్గర ఉండేది. ఎనభై దగ్గరపడేసరికి చెవులు పోయాయి. జీవితమంతా విన్న మనిషి. మిషను పెట్టుకోమంటే బుర్రలో కందిరీగలు తిరుగుతున్నాయని తీసి పారేసింది. నేను పోయి ఎంత అరిచినా నవ్వి తల ఊపేది. అది వినని నవ్వు అని నాకు తెలిసేది. ఒకనాడు ఏం తోచిందో, సంచిలోని స్టెతస్కోపు తీసి, కొసలు ముక్కు వైపు చూసేట్టు ఆమె చెవుల్లో పెట్టి, బిళ్ళను నా నోటి దగ్గర పట్టుకుని "ఆపా" అన్నాను.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అరే, అరవకురా. వినబడుతుంది" అంది.

ఆ రోజు గంటసేపు ఆ బిళ్ళలోకి మాట్లాడాను. అటెండరుగా ఉన్నప్పటినుంచి చెప్పాలనుకుని చెప్పలేకపోయినవన్నీ చెప్పాను. ఆమె మధ్యమధ్యలో "ఆఁ" అంటూ, నల్లదారాన్ని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. లేచేటప్పుడు కూతురు స్టెతస్కోపు తిరిగి ఇవ్వబోయింది. ఉండనీయమన్నాను. దాన్ని ఒకచోట వదిలి, వెంట పోకుండా ఇంటికి రావడం అదే మొదటిసారి.

ఆపా పోయి రెండేళ్ళయింది. నలభయ్యో రోజు దాటాక కూతురు ఫోను చేసి, "భాయ్, మీ సామాను తీస్కపోండి" అంది. పోయేసరికి అది ఆ ఇంట్లో లేదు. పక్కింటి ముసలామెకు వినపడదని అడిగి తీసుకుందట. పక్కింటికి పోయాను. అక్కడినుంచి గల్లీ మలుపులోని వాళ్ళ చుట్టాలింటికి పోయిందట. అక్కడికీ పోయాను. మూడో ఇంట్లో, గడప పక్క కుర్చీలో ఒక తెల్లగడ్డం ఆయన చెవుల్లో ఉంది. మనవరాలు బిళ్ళను నోటి దగ్గర పెట్టుకుని బడిలో జరిగిన తగువు చెబుతోంది. నల్లదారం ఆపా కట్టిన చోటే ఉంది. నేను దాన్ని అడగలేదు. కొసలు ఉల్టా ఉంటే సరిచేసి, టీ ఇస్తే తాగి వచ్చాను.

ఇప్పుడు నెలకొకసారి దబీర్‌పురా పోతాను. మొదటి ఇంట్లో అడిగితే ఇప్పుడది ఎవరింట్లో ఉందో చెబుతారు. అక్కడికి పోతాను. గొట్టం పగిలిందేమో చూస్తాను, కొసలు కడుగుతాను, వాళ్ళ చెవుల్లో పెట్టే ముందు బిళ్ళను అరచేతిలో వెచ్చ చేస్తాను. చెవికి అక్కర్లేదు, బిళ్ళ నోటి దగ్గరే కదా. అయినా చేస్తాను. దగ్గు తగ్గగానే మళ్ళీ పోవాలి. ఈసారి ఏ ఇంట్లో ఉందో. ఏ ఇంట్లో ఉన్నా, నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపలినుంచి ఎవరో ఒకరు కేకేస్తారు:

"అమ్మీ, చాయ్ పెట్టు. దాని ఎంట వచ్చెటాయన వచ్చిండు."